ఆయనకు నీళ్ళు ఇయ్యకుండ్రి

14 మార్చి 2023, మంగళవారం

ఇంట్లో అరిస్తే గోడవతలి నర్సింగమ్మకు వినబడుతుంది. లోపల పెట్టుకుంటే నా తల పగిలిపోతుంది. అందుకని నల్లగొండ మీటింగులో ఇచ్చిన ఈ డైరీ బయటికి తీశాను.

ఇవాళ డయాలసిస్. మంగళవారం, శుక్రవారం టౌనుకు బస్సులో పోవడం, నాలుగు గంటలు మిషన్ పక్కన కూర్చోవడం మూడేళ్ళుగా అలవాటైపోయింది. నాకు అలవాటు కానిది అబద్ధం. మిషన్ ఎక్కించే ముందు బరువు చూసే దామోదర్ ముఖం చిట్లించాడు.

"అక్కా, మళ్ల నీళ్లు ఎక్కువైనయి. కిడ్నీలు పనిజెయ్యనోళ్లు తాగిన నీళ్లు యాడికి పోతయి? పెయ్యిలనే ఉంటయి. జర కంట్రోల్ జెయ్యిండ్రి."

అందరి ముందు అన్నాడు. నేను ఏళ్ళ తరబడి ఊళ్ళో పిల్లల్ని కాంటా మీద నిలబెట్టి తూచే అంగన్‌వాడీ టీచర్ని. నా మొగుడి బరువు గురించి ఇంకొకరితో పాఠం చెప్పించుకోవాల్సి వచ్చింది.

బస్సులో అడిగాను. "ఎన్ని తాగినవ్? నిజం జెప్పు."

"నువ్విచ్చినయే తాగిన."

"మరి కాంటా అబద్ధమాడుతదా?"

"ఏమో పుష్పా. బిడ్డ మీద ఒట్టు, నేను తాగలే."

హరిత మీద ఒట్టు! సిగ్గు లేకపోతే సరి. భువనగిరిలో తన కాపురమేదో తాను చేసుకుంటున్న పిల్లను తెచ్చి చెంబెడు నీళ్ళకు అడ్డం పెట్టాడు. డయాలసిస్ మొదలైన కొత్తలో గొర్రెల తొట్టి దగ్గర వంగి దోసిలితో తాగుతుంటే నా కళ్ళతో నేనే పట్టుకున్నాను. ఆ రోజు కూడా ఇట్లాగే ఒట్టు పెట్టాడు.

16 మార్చి

సెంటర్లో గర్భిణులకు పాలు కొలిచి పోసే గ్లాసు ఒకటి ఇంటికి తెచ్చాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం సగం, రాత్రి గోలీలకు ఒకటి. అంతే. చారు బంద్. సల్ల బంద్. వాకిట్లో ఉండే నీళ్ళ రంజన్‌ను వంటింట్లోకి ఈడ్పించి తలుపుకు తాళం వేశాను. తాళంచెవి పుస్తెలతాడుకు పిన్నీసుతో పెట్టుకున్నాను.

ఆయన గొంగడి మీద కూర్చుని అంతా చూశాడు. "బంగారం దాస్తున్నవా?"

"బంగారమే నయం. పెట్టిన కాడ ఉంటది."

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. నేను నవ్వితే ఇంకో గ్లాసు అడుగుతాడు.

పాపం అనిపించదా అంటే అనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి మోకాళ్ళు వంగకుండా అయ్యాయి. ఆ నొప్పులతోనే గొర్రెల వెంట తిరుగుతూ గోలీలు మింగాడు, ఊళ్ళో డాక్టరు ఏది ఇస్తే అది. ఆ గోలీలే కిడ్నీల్ని తిని ఉంటాయని తర్వాత పెద్ద డాక్టరు అన్నాడు. ఇప్పుడు వాకిట్లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. మంచి నీళ్ళు వచ్చే వేళకు ఈయనకు తాగే రాత లేకపోయింది.

21 మార్చి, మంగళవారం

మళ్ళీ ఎక్కువే. దామోదర్ బరువు రాసుకున్నాడు. నన్ను చూసి తల మాత్రం ఊపాడు. అదింకా మండింది.

22 మార్చి

ఉగాది.

ఏ ఇంటికి పోయినా ఇవాళ గ్లాసు నిండా పల్చటి ఉగాది పచ్చడి చేతిలో పెడతారు. తాగనంటే ఊరుకోరు. అందుకే తానం చేసి, కొత్త చీరైనా కట్టకుండా, ఆయన కంటే ముందు నేను ఊరు తిరిగాను. నర్సింగమ్మ ఇంటితో మొదలుపెట్టి, మా మరిది అంజయ్య ఇల్లు, మా కులపోళ్ళ ఇండ్లన్నీ, కడాఖరున బస్టాండు దగ్గర గోపయ్య హోటల్. అందరికీ ఒకటే మాట చెప్పాను.

"మా ఆయనకు నీళ్లు ఇయ్యకుండ్రి. పచ్చడి ఇయ్యకుండ్రి, సల్ల ఇయ్యకుండ్రి, సుక్క నీళ్లు గూడ ఇయ్యకుండ్రి. ఇస్తే ఆయన పాణం తీసినోళ్లు మీరే అయితరు."

నర్సింగమ్మ నోరు తెరిచి చూసింది. "అడిగినోనికి నీళ్లు లేవంటమా పుష్పా? ఎన్నడన్న అన్నమా గట్ల?"

"అనుండ్రి. నా కోసం అనుండ్రి."

గోపయ్య హోటల్ చేరేసరికి ఈయన అప్పటికే అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు. చూడగానే నా ఒంట్లో ఏం పుట్టిందో తెలియదు. పోయి గ్లాసు గుంజుకుని రోడ్డు మీద పారబోశాను.

"ఏం జేస్తున్నవే, నేను తాగుతలేను, పట్టుకున్న గంతే" అన్నాడు.

"పట్టుకుంటవు, వాసన జూస్తవు, మల్ల తాగుతవు. నీళ్లదొంగవు నువ్వు!"

అన్నాను. పది మంది ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆయన లేచి కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు. నేను ఎంత కోపంతో అన్నానో అంత ప్రేమతో అన్నాను. ప్రేమ లేనిదాన్నైతే తాగి చావనీ అనుకునేదాన్ని.

మధ్యాహ్నం ఒక చెంచాడు పచ్చడి నాలుక మీద వేశాను. చప్పరించి, "చింతపండు జరంత ఎక్కువైంది" అన్నాడు.

2 ఏప్రిల్

ఊరు నా మాట విన్నది. ఎవరూ ఇవ్వడం లేదు. ఇంతమందికి చెప్పి ఒప్పించడం మామూలు సంగతి కాదు, పోలియో చుక్కలప్పుడు కూడా ఇంత మాట చెల్లలేదు నాకు.

ఆయన ఇవాళ పొద్దున్నే అంజయ్య దొడ్డికి గొర్లను చూడటానికి పోయాడు. మా మంద అంజయ్యకే అమ్మినా కూడా మనసు అక్కడే ఉంటుంది కదా. ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చాడు. నేను కూర తరుగుతున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"ఎవలింటికి పోయినా ముందుగాల చెంబుతోని నీళ్లు ఇస్తరు. తాగుతమా తాగమా ఎనుక సంగతి. నన్ను జూస్తే చెంబు ఎనుకకు దాస్తుండ్రు. అంజయ్య పెండ్లాం నేను వాకిట్ల అడుగువెట్టంగనే బిందె మీద మూత వెట్టింది."

"నీ మంచికే గద."

"మంచికే. ఇగ నేను ఎవలింటికి పోను పుష్పా."

మంచిదే. ఇంట్లో ఉంటే నా కళ్ళ ముందే ఉంటాడు.

4 ఏప్రిల్, మంగళవారం

ఎక్కువే.

11 ఏప్రిల్, మంగళవారం

దగ్గు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఎక్స్‌రే తీయించారు. కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు. కడుపులో కూడా కొంచెం. డాక్టరు నా వైపు తిరిగి, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ఇది మామూలే, నీళ్ళు తగ్గించండి, వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కిద్దాం అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. కోపంగా కాదు, మంచిగా. "యాడ తాగుతున్నవయ్యా? ఒక్కసారి జెప్పు. నేనేమనను."

నా ముఖంలోకి చూశాడు. "తాగితే జెప్పనా?"

నమ్మలేదు. ఎట్లా నమ్మాలి? ఫోటోలో తెల్లగా కనబడుతోంది నీళ్ళు ఎంతవరకు ఉన్నదీ. ఆ నీళ్ళు ఆకాశం నుంచి పడ్డాయా?

18 ఏప్రిల్, మంగళవారం

మూడుసార్లు ఎక్కించినా తగ్గలేదు. ఇప్పుడు అర్థమైంది. తానాల గది! రోజూ ఎంతసేపు చేస్తున్నాడో, మగ్గు చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆ ఆగినప్పుడు ఏం చేస్తున్నట్టు? ఇంత తెలివి ఉన్నదాన్ని ఈ ముక్క ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదో.

రేపటి నుంచి తానం నేనే చేయిస్తాను.

20 ఏప్రిల్

తానం చేయించాను. చిన్నపిల్లాడిలా పీట మీద కూర్చున్నాడు. ముఖం మీద నీళ్ళు పోసినప్పుడు పెదవులు బిగబట్టి, కళ్ళు మూసుకున్నాడు. నాకు కనబడాలని బిగబట్టాడు. భుజం ఎముకలు బయటికి వచ్చాయి. వీపు రుద్దుతుంటే చేతికి గరుకుగా తగులుతున్నాయి. ఈ ఎండలకు ఎవరైనా తగ్గుతారు. బరువు మాత్రం ఏం తగ్గలేదు, కాంటా మీద అంతే ఉన్నాడు.

సెంటర్లో ఇవాళ పిల్లల జబ్బ కొలతలు. లచ్చయ్య మనవరాలి జబ్బకు టేపు చుడితే పచ్చ గీత దాటి పసుపులోకి పోయింది, అంటే కండ తగ్గింది. వాళ్ళమ్మ, "బరువు మంచిగనే ఉంది గద మేడం, కడుపు గూడ బొద్దుగ ఉంది" అంటుంది. నాకు ఒళ్ళు మండింది. "బరువు జూసి మురుస్తరా? కడుపు ఉబ్బితే బరువు రాదా? కండ జూడాలె, జబ్బ జూడాలె, ఎన్నిసార్లు జెప్పాలె నీకు?" అని అందరిలో నిలబెట్టి కడిగేశాను. పాపం ఏడ్చింది.

25 ఏప్రిల్, మంగళవారం

సాయంత్రమైతే జ్వరం. పక్కబట్టలు తడిసిపోయేంత చెమట. చెమటే ఇంత పడుతోందంటే లోపల నీళ్ళు ఎన్ని ఉన్నట్టు!

29 ఏప్రిల్

రెండు ముద్దలు తిని చేయి కడిగాడు. మామిడికాయ పప్పు చేశాను, అయినా.

7 మే, ఆదివారం

హరిత వచ్చింది. గడప లోపలికి రాగానే చేతిలో సంచి కింద పడేసింది.

"బాపు చేతులేందే గట్లైనయి?"

"ఏమైనయి? ఎండలకు."

"ఎండలకు గిట్లైతరా అమ్మా? కట్టె తీర్గ ఉన్నయి. ఇద్దరు ఒక్క ఇంట్ల ఉంటలేరా మీరు?"

నేను కూడా నోరు చేసుకున్నాను. దినాం చేసేది నేను, చుట్టపుచూపుగా వచ్చి మాటలు అనేది నువ్వా అన్నాను. బరువు సూడు, బరువు తగ్గలేదు, నీళ్ళు తాగి నన్ను సంపుతున్నాడు అన్నాను. ఆయన మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మను అనకు బిడ్డా, నా కోసం ఊరంత దిరిగింది" అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో తెలియలేదు.

హరిత నీళ్ళు తాగుదామని వంటింటి వైపు పోయి తాళం చూసింది. తిరిగి నన్ను చూసింది. నేను మెడలోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. ఆ పిల్ల తాళం తీయలేదు. పోయి నర్సింగమ్మ ఇంట్లో తాగి వచ్చింది.

9 మే, మంగళవారం

హరిత పట్టుబట్టింది కాబట్టి సూది వేసి ఊపిరితిత్తి చుట్టూ ఉన్న నీళ్ళు తీశారు. సీసా నిండింది. ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. తాగిన నీళ్ళు అట్లా ఉంటాయా అని హరిత అడిగింది. డాక్టరు, టీబీ అయి ఉండొచ్చు, పరీక్షకు పంపుదాం అన్నాడు.

నీళ్ళు తీశాక ఆయన మంచంమీద వెల్లకిలా పడుకున్నాడు. ఎన్నాళ్ళకో. గురక కూడా పెట్టాడు.

16 మే, మంగళవారం

టీబీ కాదట. ఇంకేవో కణాలు కనబడ్డాయట. పట్నంలో పెద్ద దవాఖానకు రాసిచ్చారు.

25 మే

పట్నం. హరిత ఫోనులో చూసి ఏ వార్డో ఏ అంతస్తో అన్నీ కనుక్కుంది. డాక్టరమ్మ చిన్న వయసు, మెల్లగా చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నాను. నాకు గుర్తున్నంత ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

అది లింఫోమా. రక్తానికి సంబంధించిన క్యాన్సర్. మామూలుగా గడ్డలుగా వస్తుంది, ఈయనకు గడ్డ ఎక్కడా లేదు, ఆ నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పెరుగుతోంది. చాలా అరుదు. కిడ్నీలు పోయి ఒంట్లో నీరు నిలిచేవాళ్ళలో ఎక్కడో ఒకరికి వస్తుందట, ఎందుకు వస్తుందో ఇంకా సరిగ్గా తెలియదట.

నేను అడగాల్సింది ఒకటే. "నీళ్లు బాగ తాగుట్ల వచ్చిందా మేడం?"

"కాదమ్మా. ఇవి తాగిన నీళ్ళు కావు. ఈ జబ్బే ఊరించిన నీళ్ళు. ఆయన ఒక్క చుక్క తాగకపోయినా వచ్చేవే."

"మరి బరువు?"

"కండ కరిగిపోయింది. ఆ మేరకు నీరు చేరింది. కాంటాకు రెండూ ఒకటే కదా. చేతులు చూస్తే తెలుస్తుంది. మీరేం పని చేస్తారమ్మా?"

ఏం చెప్పను? కూలి పని అని చెప్పాను.

26 మే

తాగలేదు.

27 మే

నిజంగానే తాగలేదు. పాల గ్లాసుతో నేను కొలిచి ఇచ్చినవే తాగాడు. మగ్గు చప్పుడు ఆగింది చేతుల్లో బలం లేక. లేపి పోసుకోలేక ఆగి ఆగి పోసుకున్నాడు.

28 మే

ఆయనకు చెప్పాను. పెద్ద దవాఖాన వరండాలో, హరిత మందులకు పోయినప్పుడు. క్యాన్సర్ అన్నది హరితే ముందు చెప్పింది. ఈ ముక్క మాత్రం నేనే చెప్పాలి కదా.

"గవి తాగిన నీళ్లు గావట" అన్నాను.

"నేను జెప్పలేదా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మళ్ళీ తనే, "అయితే ఇగ తాగొచ్చా మరి?"

"తాగొద్దు. కిడ్నీలకు ఎప్పటి లెక్కనే."

నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. అప్పుడే చెయ్యి పట్టుకోవాల్సింది, తప్పయింది అనాల్సింది. హరిత మందుల సంచితో వచ్చేసింది.

బస్సెక్కేముందు అన్నాడు. "గోపయ్యకు జెప్పు. నేను తాగలేదని. అంజయ్యోళ్లకు గూడ."

"జెప్త."

31 మే

మొదటి కీమో. డయాలసిస్ వాళ్ళకు మోతాదు తగ్గించి ఇస్తారట. ఇంటికొచ్చి మంచంలో పడ్డాడు.

గోపయ్య హోటల్ ముందు నుంచే ఆటో వచ్చింది. జనం ఉన్నారు. ఆపలేదు.

2 జూన్, శుక్రవారం

రాష్ట్రం వచ్చి తొమ్మిదేళ్ళు నిండాయని పంచాయతీ దగ్గర జెండా, ముగ్గులు. అంగన్‌వాడీ వాళ్ళం తప్పకుండా రావాలన్నారు. డయాలసిస్‌కు హరిత తీసుకుపోయింది. గోపయ్య అక్కడే చాయ్ పంచుతున్నాడు. "అన్నకు ఎట్లుంది వదినే?" అని అడిగాడు. చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది కూడా. సర్పంచ్ పిలిచాడు, ముగ్గుల పోటీ చూడమని.

సాయంత్రం ఆయన అడిగాడు. "జెప్పినవా?"

"జనముండిరి. నిమ్మలంగ జెప్త."

8 జూన్

కుదరలేదు. సెంటర్‌కు గుడ్లు వచ్చాయి, దింపించుకోవాలి.

13 జూన్, మంగళవారం

జ్వరం. దవాఖానలో ఉంచుకున్నారు. రక్తకణాలు పడిపోయాయట.

19 జూన్

ఇంటికి తెచ్చాం. ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పాలి? నీళ్ళదొంగ అన్నది పొరపాటు అని చెప్పాలి. మరి బరువెట్లా పెరిగిందమ్మా అంటారు. కండ తగ్గి నీరు చేరింది అనాలి. కండ తగ్గితే నీకు కనబడలేదా టీచరమ్మా, మా పిల్లల జబ్బలు కొలిచి మమ్మల్ని తిడతావు కదా అంటారు. ఆ రోజు నేను ఏడిపించిన లచ్చయ్య కోడలు ఉంటుంది అక్కడ. ఆ పిల్ల ముందు ఎట్లా?

ఇవాళ ఆయన పడుకున్నాక సెంటర్ టేపు తెచ్చి ఆయన జబ్బకు చుట్టాను. ఆ టేపు చిన్నపిల్లలది. పెద్దమనిషి జబ్బకు సరిపోకూడదు. సరిపోయింది. విప్పేసి సంచిలో పెట్టాను.

ఆయన కళ్ళు మూసుకునే, "ఏ రంగొచ్చింది?" అన్నాడు. మెలకువగానే ఉన్నాడు.

"పచ్చ" అన్నాను.

"గిప్పుడు నువ్వు అబద్ధమాడుతున్నవ్."

23 జూన్, శుక్రవారం

అడగడం మానేశాడు. అడిగితే చెప్పి ఉందును.

30 జూన్, శుక్రవారం

నీళ్ళు మళ్ళీ చేరాయి. మళ్ళీ తీశారు. రెండో కీమో ఇచ్చే బలం లేదంటోంది డాక్టరమ్మ.

వంటింటి తాళం తీసేశాను. రంజన్‌ను మళ్ళీ వాకిట్లో ఎప్పటి జాగాలో పెట్టాను. ఆయన మంచం మీది నుంచి చూశాడు. "ఇప్పుడెందుకే, నేను లేచిపోను గద" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. అదే బాధ. వెక్కిరించి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

9 జూలై

మబ్బు పట్టింది. "గొర్ల కాడ దూపైతే" అని మొదలుపెట్టాడు ఇవాళ, ఎవరూ అడగకుండానే. "యాడికి పోయినా నీళ్లు దొరుకుతుండె. ఏ ఊరు, ఏ కులం, ఎవలు అడగకపోతుండ్రి. కర్ర మోపి వాకిట్ల నిలబడితే చాలు, చెంబు వచ్చేది. గదే నాకు నచ్చేది పుష్పా. నీళ్లు గాదు. నిలబడంగనే వచ్చుడు."

ఇప్పుడే పోయి గోపయ్యను పిలుచుకొస్తా అన్నాను. లేచాను కూడా. వాన మొదలైంది. "తడుస్తవు, రేపు పో" అన్నాడు.

10 జూలై

సెంటర్లో తనిఖీ. రేపు తప్పకుండా.

27 జూలై

ఇది పద్నాలుగో తారీఖు శుక్రవారం సంగతి. మిషన్ ఇక వద్దు, ఇంటికి తీసుకుపోండి అని ముందు రోజే చెప్పారు. తెచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టాం. పొద్దున తొమ్మిది దాటింది. ఊపిరి దూరం దూరంగా వస్తోంది. హరిత తల దగ్గర కూర్చుంది.

ఊరికి తెలిసింది. పోయే మనిషి నోట్లో తలా ఇన్ని నీళ్ళు పోయాలని ఒక్కొక్కరు వచ్చారు. నర్సింగమ్మ, అంజయ్య, వాడి పెండ్లాం, మా కులపోళ్ళు, కడాఖరున కొట్టు కట్టేసి గోపయ్య. అందరి చేతుల్లో చెంబులు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే వాకిలి అంచునే ఆగిపోయారు. ముందుకు రారు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. నర్సింగమ్మ నా వైపు చూసింది.

"పుష్పా, పొయ్యాల్నా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఉగాది నాడు నేను ఇంటింటికి పోయి చెప్పిన మాట ఎవరూ మర్చిపోలేదు. ఇన్ని నెలలు ఒక్కరు కూడా దాటలేదు. నేను చెప్తే తప్ప ఆయనకు ఇవాళ కూడా నీళ్ళు లేవు.

"పొయ్యుండ్రి" అన్నాను. ఆ తర్వాత ఆగలేకపోయాను. "ఆయన తాగలేదు. ఎన్నడు తాగలేదు. గవి జబ్బు నీళ్లు. నేనే తప్పు జూసిన, నాకే కండ్లు లేవు. ఆయన నీళ్లదొంగ గాదు. గోపయ్యా, ఇన్నవా? నీళ్లదొంగ గాదు."

లచ్చయ్య కోడలు అక్కడే ఉంది. చంకలో పిల్లను సర్దుకుంది. నర్సింగమ్మ వంగి పెదవుల మీద కొంచెం పోసింది. అంజయ్య పోశాడు. గోపయ్య మంచం పక్కన కూర్చుని, "అన్నా, నేను గోపయ్యను, నీళ్లు తెచ్చిన" అన్నాడు. పోశాడు. గుటక పడలేదు. నీళ్ళు చెంప మీదుగా కారి దిండులోకి పోయాయి. నేను చెప్పిన మాట ఆయనకు వినబడిందో లేదో నాకు తెలియదు. వినబడిందని హరిత అంటుంది. ఆ పిల్ల నా కోసం అంటోంది.

అన్నీ అయిపోయి, స్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కున్నారు. నేను నర్సింగమ్మ అరుగు మీద కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తాగలేదు. ఆమె ఏమీ అడగకుండానే లోపలికి పోయి చెంబు తెచ్చి చేతిలో పెట్టింది.

తాగొద్దనుకున్నాను. కానీ బాగా దూపయింది. చెంబెడు తాగాను. ఇంకో చెంబు కూడా తెచ్చి ఇచ్చింది.